ఘనపు మీటరు గాలిని ఎవరు కొలిచారు?

“నగరంలో నిన్న పీఎం 2.5 ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు” అని పేపర్లో చదువుతాం. అది ఎక్కువా, తక్కువా అని అడుగుతాం. దానికి జవాబు సులువే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక రోజు సగటు 60 దాటకూడదు. కాస్త ఆలోచించే పాఠకుడు మాత్రం అక్కడితో ఆగడు. ధూళిని త్రాసులో తూచారు, సరే. ఆ ఘనపు మీటరు గాలిని ఎలా కొలిచారు? గాలి వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది, కొండెక్కితే పలచబడుతుంది. ఇలాంటిదాన్ని ఇంత అని లెక్కగట్టి చెప్పటం ఎలా సాధ్యం?

ధూళిని పట్టే యంత్రం లోపల జరిగేది ఇది. అడుగున ఒక పంపు ఉంటుంది. దానికి పైన తెల్లటి వడపోత బిళ్ల, దానికీ పైన పెద్ద రేణువులను ముందే పక్కకు తప్పించే భాగం ఉంటాయి. పంపు నడిచినంతసేపూ గాలి పైనుంచి కిందికి వస్తుంది, సన్నటి ధూళి బిళ్ల మీద నిలుస్తుంది. ఈ తరహా యంత్రాల్లో ఎక్కువగా వాడే వేగం నిమిషానికి 16.67 లీటర్లు, అంటే గంటకు సరిగ్గా ఒక ఘనపు మీటరు. రోజంతా నడిస్తే 24 ఘనపు మీటర్లు. గాలిలో ధూళి 60 మైక్రోగ్రాముల లెక్కన ఉంటే, రోజు చివర బిళ్ల మీద చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపే. ఆ బరువును గాలి పరిమాణంతో భాగిస్తే మనం చదివే అంకె వస్తుంది. ఆ భాగహారంలో పైన ఉన్న బరువును ఎంత జాగ్రత్తగా తూచినా, కింద ఉన్న గాలి లెక్క తప్పితే అంకె తప్పుతుంది.

ఆ గాలి లెక్కను సరిచూసే పనినే ప్రయోగశాలల్లో ప్రవాహ కాలిబ్రేషన్ అంటారు. దాని గుట్టంతా పంపు వైపున ఉండే శూన్యం ఎంత నిలకడగా ఉందన్న దాంట్లో ఉంది.

పంపు లాగదు, వాతావరణం తోస్తుంది

శూన్యం గాలిని లాగుతుందని అనుకుంటాం. నిజానికి శూన్యానికి లాగే గుణమే లేదు. పంపు తన లోపలికి వచ్చిన గాలి అణువులను బయటకు నెట్టేస్తుంది, అంతే. అక్కడ అణువులు తగ్గుతాయి, పీడనం పడిపోతుంది. అప్పుడు బయటి వాతావరణం తన పీడనంతో గాలిని ఆ వైపుకు తోస్తుంది. సముద్రమట్టం దగ్గర ఈ వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్‌లు. గట్టు మీద పెట్టిన మోటారు ఎంత బలమైనదైనా పది మీటర్ల చిల్లర లోతుకు మించి నీటిని పీల్చలేకపోవటానికి కారణం ఇదే. తోసేది వాతావరణం కాబట్టి, వాతావరణం తోయగలిగినంతే పైకి వస్తుంది. 1640లలో ఇటలీలో టొరిసెల్లి చేసిన ప్రయోగాలతో ఈ సంగతి తేలింది.

కాబట్టి ఒక గొట్టంలో గాలి ఎంత పారుతుందన్నది దాని ఎగువ పీడనానికీ దిగువ పీడనానికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ఎగువన ఉన్నది వాతావరణం. గంటల తరబడి అది దాదాపు మారదు. దిగువన ఉన్నది పంపు. అది ప్రతి క్షణం ఏదో ఒక మేర మారుతూనే ఉంటుంది. రబ్బరు పొరను కిందికీ మీదికీ ఆడించి పనిచేసే డయాఫ్రమ్ పంపు ఒక్కో విసురుకు ఒక్కో గుక్క గాలి తీస్తుంది. నూనెతో నడిచే పంపు చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఇంకోలా పనిచేస్తుంది. కరెంటు వోల్టేజి తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది. వడపోత బిళ్ల మీద ధూళి పేరుకుంటున్న కొద్దీ గాలికి దారి ఇరుకవుతుంది.

వీటివల్ల ఎంత తేడా వస్తుంది? ఎగువన 100 కిలోపాస్కల్‌లు, దిగువన 90 ఉన్నాయనుకోండి. తేడా 10. పంపు పనితీరు మారి దిగువ పీడనం ఒక్క కిలోపాస్కల్ తగ్గిందనుకుందాం. వాతావరణంతో పోలిస్తే అది నూటికి ఒక వంతే. కానీ ప్రవాహాన్ని నడిపే తేడాలో అది పదో వంతు. మామూలు రంధ్రం గుండా పారే గాలి ఈ దెబ్బకు సుమారు 5 శాతం పెరుగుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ వారి ప్రామాణిక పద్ధతి పీఎం 2.5 యంత్రానికి ఇచ్చే సడలింపు కూడా అంతే. 24 గంటల సగటు ప్రవాహం 16.67 లీటర్లకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు, ఆ రోజంతటిలో ఊగిసలాట 2 శాతం మించకూడదు. అంటే పంపు వైపు ఒక్క కిలోపాస్కల్ మార్పు ఆ సడలింపునంతటినీ మింగేస్తుంది.

ప్రవాహం మారితే చెడేది గాలి లెక్క ఒక్కటే కాదు. పెద్ద రేణువులను తప్పించే భాగంలో గాలిని ఒక్కసారిగా మలుపు తిప్పుతారు. బరువైన రేణువులు మలుపు తిరగలేక గోడకు తగిలి ఆగిపోతాయి, తేలికవి గాలితో పాటు సాగిపోతాయి. ఎంత పెద్ద రేణువు ఆగుతుందో నిర్ణయించేది గాలి వేగం. వేగం తగ్గితే 2.5 మైక్రాన్ల కన్నా పెద్దవి కూడా బిళ్ల మీదికి చేరతాయి. అప్పుడు మనం కొలిచేది పీఎం 2.5 కాదు, మరేదో.

సగటు తీస్తే పోని తప్పు

ప్రవాహం కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ అయితే ఏమైంది, సగటు తీస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు.

ప్రవాహాన్ని కొలిచే చాలా పరికరాలు నేరుగా ప్రవాహాన్ని చూడవు. ఒక ఇరుకు దారి పెట్టి, దానికి ముందూ వెనకా పీడనాల తేడాను చూస్తాయి. ఆ తేడాకు వర్గమూలం తీస్తే ప్రవాహం తెలుస్తుంది. పంపు ఊగిసలాటవల్ల తేడా ఒక క్షణం 4, మరుక్షణం 16 అవుతోందనుకోండి. నిజమైన ప్రవాహం ఒక క్షణం 2, మరుక్షణం 4, సగటున 3. పరికరం మాత్రం నెమ్మదిగా కదిలేది. అది 4కూ 16కూ మధ్య సగటు 10ని చూపిస్తుంది. దాని వర్గమూలం 3.16. అంటే పారిన గాలికన్నా 5 శాతం ఎక్కువ పారినట్టు రాసుకుంటాం. ముల్లు కదలకుండా నిలబడే ఉంటుంది, చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఎన్ని గంటలు కొలిచినా ఈ తప్పు తగ్గదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకే వైపుకు మొగ్గుతుంది.

రెండో చిక్కు గొట్టాల్లో ఉంది. కాలిబ్రేషన్‌లో పరీక్షించాల్సిన మీటరునూ, నమ్మకమైన ప్రమాణ పరికరాన్నీ ఒకే వరుసలో కలుపుతారు. ఒకదాని గుండా వెళ్లిన గాలే రెండోదాని గుండా వెళుతోందన్న భరోసాతోనే రెండు అంకెలను పోలుస్తారు. కానీ వాటి మధ్య గొట్టం ఖాళీగా ఉండదు, అందులోనూ గాలి ఉంటుంది. ఆ మధ్య భాగం 10 లీటర్లదై, అక్కడి పీడనం నిమిషంలో ఒక కిలోపాస్కల్ పెరిగిందంటే, సుమారు 0.1 లీటరు గాలి అక్కడే నిలవుండిపోయిందన్న మాట. నిమిషానికి 16.67 లీటర్ల ప్రవాహంలో అది 0.6 శాతం. మీటరు చూసిన గాలి వేరు, ప్రమాణం చూసిన గాలి వేరు. రెండూ నిజమే చెబుతున్నా, పోలిక అబద్ధమవుతుంది.

అలుగు దగ్గర దొరికే జవాబు

పంపు ఊగకుండా చేయటం కష్టం. మరి ఆ ఊగిసలాట ప్రవాహం దాకా చేరకుండా అడ్డుకోవటం సాధ్యమా? సాధ్యమే. అదెలాగో మన ఊరి చెరువు అలుగు చూపిస్తుంది.

వానాకాలంలో చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు గమనించండి. అలుగు మీదుగా ఎంత నీరు దాటుతుందన్నది చెరువులో నీరు అలుగు మట్టానికి ఎంత పైన ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. కింద వాగులో మోకాలి లోతు నీరున్నా, నడుం లోతున్నా అలుగుకు సంబంధం లేదు. వాగులో ఎద్దుల బండి దిగి నీళ్లు ఎగజిమ్మినా, ఎవరో అడ్డుకట్ట వేసి తీసేసినా, ఆ కదలిక అలుగు ఎక్కి చెరువులోకి పోలేదు. కారణం, అలుగు అంచు దాటే నీటి వేగం నీటి మీద అల సాగే వేగాన్ని అందుకుంటుంది. దిగువన పుట్టిన అల ఎదురెక్కి రావాలన్నా, నీరు దాన్ని అంతే వేగంతో వెనక్కి తోసేస్తుంది. అందుకే నీటిపారుదల ఇంజినీర్లు ఎగువన ఒక్క కొలబద్ద పాతి, నీటి ఎత్తు చూసి ఎంత నీరు దాటుతోందో చెప్పగలుగుతారు. దీనికి ఒక్కటే షరతు. వాగు ఉప్పొంగి అలుగునే ముంచెత్తకూడదు. ముంచిందా, దిగువ మట్టం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, కొలబద్ద చెప్పే మాట చెల్లదు.

గాలికీ ఇలాంటి అలుగు కట్టవచ్చు. గొట్టంలో ఒకచోట నున్నగా ఇరుకైపోయి, మళ్లీ మెల్లగా వెడల్పయ్యే భాగాన్ని అమరుస్తారు. దీన్ని ధ్వనివేగ నాజిల్ అందాం. ల్యాబుల్లో సోనిక్ నాజిల్ అనీ, క్రిటికల్ నాజిల్ అనీ పిలుస్తారు. గాలిలో పీడనం మార్పు ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరేది శబ్దం వేగంతోనే. దిగువ పీడనాన్ని తగ్గించుకుంటూ పోతే నాజిల్ గొంతులో గాలి వేగం పెరుగుతూ వచ్చి, చివరికి శబ్ద వేగాన్ని అందుకుంటుంది. అక్కడినుంచి దిగువ సంగతులేవీ ఎగువకు చేరవు. పంపు ఇంకా గట్టిగా పనిచేసినా, కాస్త తడబడినా, గొంతు గుండా పారే గాలి మారదు. దాన్ని నిర్ణయించేవి గొంతు వైశాల్యం, ఎగువ పీడనం, ఎగువ ఉష్ణోగ్రత, పారే వాయువు స్వభావం మాత్రమే. వీటన్నిటినీ బాగా కొలవగలం.

గాలి విషయంలో గొంతు దగ్గరి పీడనం ఎగువ పీడనంలో 53 శాతానికి పడినప్పుడు ఈ స్థితి వస్తుంది. అంత వేగం అందుకునే గాలి బాగా చల్లబడుతుంది. ఎగువన 20 డిగ్రీలున్న గాలి గొంతులో సుమారు మైనస్ 29 డిగ్రీలకు చేరుతుంది. తేమ ఉంటే అక్కడే బిందువులు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఖచ్చితమైన పనికి ఆరబెట్టిన గాలినే వాడతారు.

ఈ వింతను మొదట చూసినవారు ఫ్రాన్స్‌కు చెందిన సెయింట్ వెనాంట్, వాంట్సెల్. కోణాన్ని స్కేలు, కంపాసులతో మూడు సమభాగాలు చేయటం సాధారణంగా అసాధ్యమని 1837లో రుజువు చేసిన గణితవేత్త ఈ వాంట్సెలే. వాళ్లిద్దరూ 1839లో గాలి ప్రవాహంపై తమ పని వెలువరించారు. అప్పటి సూత్రం ప్రకారం పూర్తి శూన్యంలోకి గాలి అసలే పారకూడదు. ప్రయోగం అందుకు భిన్నంగా, ఒక హద్దు దాటాక ప్రవాహం తగ్గకుండా, పెరగకుండా నిలిచిపోతుందని చూపింది. దీనికి సంతృప్తికరమైన వివరణ 1880లలో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఇచ్చాడు. నేడు ఈ నాజిళ్లను ఎలా తయారుచేయాలో, ఎలా వాడాలో ఐఎస్ఓ 9300 ప్రమాణం చెబుతుంది.

అలుగు మునగకూడదన్న షరతు ఇక్కడా ఉంది. దిగువన మెల్లగా వెడల్పయ్యే నాజిల్ అయితే, దిగువ పీడనం ఎగువదానిలో 80 నుంచి 90 శాతం దాకా ఉన్నా తట్టుకుంటుంది. కానీ చాలా చిన్న నాజిళ్లు అనుకున్నదానికన్నా ముందే పట్టు తప్పటం ల్యాబుల్లో కనిపించిన విషయమే. పంపు ఊగిసలాటలో పీడనం ఒక్క క్షణం ఆ హద్దు దాటినా ప్రవాహం ఆ క్షణం పడిపోతుంది, ఏ గంటా మోగదు. నాజిల్ పంపు తప్పులను క్షమిస్తుంది, కానీ ఒక హద్దు లోపలే. శూన్యాన్ని ఆ హద్దుకు చాలా ఇవతల నిలిపి ఉంచటం మనుషుల బాధ్యత.

శూన్యాన్ని నింపి గాలిని లెక్కించటం

మీటరును నాజిల్‌తో సరిచూస్తాం. మరి నాజిల్‌ను దేనితో సరిచూడాలి? నిమిషానికి 16.67 లీటర్లు పారాలంటే గొంతు వ్యాసం సుమారు 1.3 మిల్లీమీటర్లు చాలు. అందులో నూటికి ఒక వంతు, అంటే వెంట్రుక మందంలో చిన్న భాగమంత తేడా వస్తే, ప్రవాహం 2 శాతం మారుతుంది. కాబట్టి గొంతును కొలిచి ఊరుకుంటే చాలదు.

ఇక్కడ శూన్యమే నేరుగా కొలమానం అవుతుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ దగ్గర 34 లీటర్లు, 677 లీటర్ల ట్యాంకులు ఉన్నాయి. వాటి లోపలి ఘనపరిమాణం ఎంతో జాగ్రత్తగా లెక్కగట్టినది. ముందు ట్యాంకులోని గాలిని పంపుతో తీసేసి, మిగిలిన పీడనాన్ని రాసుకుంటారు. ఆలోగా నాజిల్ గుండా నిలకడగా పారుతున్న గాలి పక్కదారిలో పంపు వైపు పోతూ ఉంటుంది. తర్వాత వాల్వు తిప్పి ఆ గాలిని ట్యాంకులోకి మళ్లిస్తారు, గడియారం మొదలవుతుంది. ట్యాంకు తగినంత నిండాక మళ్లీ పక్కదారికి తిప్పుతారు. చేరిన గాలి పీడనం, ఉష్ణోగ్రత, ట్యాంకు ఘనపరిమాణం తెలుసు కాబట్టి ఎంత గాలి వచ్చిందో తెలుస్తుంది. దాన్ని కాలంతో భాగిస్తే ప్రవాహం. ఇలా వచ్చే జవాబులో అనిశ్చితి నూటికి 0.05 లేదా అంతకన్నా తక్కువ.

ఈ పనిలో శూన్యం మూడు చోట్ల పరీక్షకు నిలుస్తుంది. మొదటిది, ఆరంభంలో మిగిలిన గాలి. నింపేది 100 కిలోపాస్కల్‌ల దాకా అయితే, మొదట్లో లెక్కకు రాని 0.1 కిలోపాస్కల్ మిగిలినా తప్పు 0.1 శాతం. రెండోది, ట్యాంకులో పీడనం సున్నా దగ్గరనుంచి పైకి ఎక్కుతున్నంతసేపూ నాజిల్‌కు ఆ సంగతి తెలియకూడదు. మూడోది, వాల్వు మారే క్షణం. ఆ కొద్ది మిల్లీసెకన్లలో పారిన గాలికి పోవటానికి దారి ఉండదు, నాజిల్‌కూ వాల్వుకూ మధ్య ఇరుకు చోటులో పోగై పీడనం ఎగబాకుతుంది. అక్కడ కూడా నాజిల్ పట్టు తప్పకూడదు.

ఇంకొక సంగతీ ఉంది. ఖాళీ ట్యాంకులోకి దూసుకొచ్చిన గాలి వేడెక్కుతుంది. వేడి బయటకు పోయే దారే లేకపోతే 20 డిగ్రీల గాలి లెక్క ప్రకారం 130 డిగ్రీలు దాటుతుంది. అందుకే ట్యాంకును నీటి తొట్టిలో ముంచి ఉంచి, లోపలి గాలి నీటి ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగి, అప్పుడు పీడనం చదువుతారు.

మన దేశంలో జాతీయ ప్రమాణాలను కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ప్రవాహాల కొలతకే ప్రత్యేకించి 1987లో కేరళలోని పాలక్కాడ్‌లో ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది.

నిలకడ ఎలా సాధిస్తారు

అవసరానికి మించిన పంపును ఎంచుకోవటం మొదటి మెట్టు. ఊపిరి బిగబట్టి నడిచే పంపుతో నిలకడ రాదు. కొలత మొదలుపెట్టే ముందు దాన్ని బాగా వేడెక్కనివ్వాలి.

రెండోది, నాజిల్‌కూ పంపుకూ మధ్య ఒక ఖాళీ ట్యాంకు పెట్టటం. పంపు గుక్కలు గుక్కలుగా తీసినా, ఆ ట్యాంకులోని గాలి ఆ కుదుపులను తనలో కలుపుకుంటుంది. ఈ ట్యాంకు పెట్టే చోటు ముఖ్యం. అదే ట్యాంకును మీటరుకూ నాజిల్‌కూ మధ్య పెడితే, ముందు చెప్పిన నిలవ గాలి తప్పు పెరుగుతుంది. మీటరు నుంచి నాజిల్ దాకా గొట్టం వీలైనంత పొట్టిగా ఉండాలి.

మూడోది లీకు. నాజిల్‌కు దిగువన లీకు ఉంటే పంపుకు శ్రమ పెరుగుతుంది, హద్దు దాటనంతవరకూ కొలత చెడదు. మీటరుకూ నాజిల్‌కూ మధ్య లీకు ఉంటే మాత్రం మీటరు చూడని గాలిని నాజిల్ లెక్కబెడుతుంది. అందుకే ముందుగా దారులన్నీ మూసి, గాలి తీసి, పంపును వేరుచేసి, పీడనం పెరుగుతుందేమో చూస్తారు. పెరిగినంత మాత్రాన లీకేనని చెప్పలేం. గొట్టంలో తడి ఉంటే 20 డిగ్రీల దగ్గర 2.3 కిలోపాస్కల్‌ల దాకా నీటి ఆవిరి తనంత తానే పీడనం పెంచుతుంది. ఆరబెట్టి మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది.

నాలుగోది పీడనాన్ని చదివే తీరు. మామూలు వ్యాక్యూమ్ గేజి గది పీడనంకన్నా ఎంత తక్కువో చూపిస్తుంది. దాని మీద 50 కిలోపాస్కల్‌లు అని ఉంటే, విశాఖ తీరంలో అసలు పీడనం 51, ఎగువదానిలో సగానికి కాస్త పైన. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనమే సుమారు 95, కాబట్టి అసలు పీడనం 45, సగానికి కింద. ఒకే ముల్లు, రెండు అర్థాలు. నాజిల్‌కు కావలసింది నిజమైన పీడనాల నిష్పత్తి కాబట్టి, సున్నానుంచి లెక్కబెట్టే గేజి పెట్టాలి.

ఊపిరితో ముడిపడిన లెక్క

ఆస్తమా ఉన్నవారు పొడి మందును ఇన్‌హేలర్‌తో పీలుస్తారు. ఆ పొడిలో సుమారు 5 మైక్రాన్లలోపు రేణువులే ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి, పెద్దవి గొంతులోనే ఆగిపోతాయి. మందును అమ్మకానికి పంపే ముందు, ఏ పరిమాణం రేణువులు ఎంతున్నాయో పరీక్షించాలి. ధూళి యంత్రంలాగే ఇక్కడా గాలిని మలుపులు తిప్పి రేణువులను వరుసగా వేరుచేస్తారు. రోగి పీల్చే ఊపిరికి బదులు పంపు ఉంటుంది. ఇన్‌హేలర్ మీద 4 కిలోపాస్కల్‌ల తేడా వచ్చేలా ప్రవాహాన్ని నిర్ణయించి, 4 లీటర్ల గాలిని పీల్చేలా చేస్తారు.

ఔషధ ప్రమాణ గ్రంథాలు ఇక్కడ ఒక నియమం పెట్టాయి. ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వుకు రెండు వైపులా పీడనం కొలవాలి. దిగువ పీడనం ఎగువదానిలో సగానికి మించకూడదు. మించితే ఇంకా బలమైన పంపు తేవాలి. వాగు అలుగును ముంచకూడదన్న షరతునే మందుల పరీక్ష కూడా పాటిస్తోందన్న మాట. ఆ నిష్పత్తి తప్పితే గాలి వేగం మారుతుంది, రేణువుల లెక్క మారుతుంది, బాగున్న మందు చెడ్డదిగానో, చెడ్డ మందు బాగున్నట్టుగానో తేలుతుంది.

పత్రికలో ధూళి అంకె అయినా, మందు పెట్టె మీది మోతాదు అయినా, వాటిని నమ్మి మనం నిర్ణయాలు తీసుకుంటాం. పిల్లలను బయట ఆడుకోనివ్వాలా వద్దా, ఎన్నిసార్లు మందు పీల్చాలి అన్నవి ఆ అంకెల మీద నిలిచిన నిర్ణయాలు. కాబట్టి కాలిబ్రేషన్ పత్రంలో ప్రవాహం ఎంత అన్న ఒక్క అంకెతో సరిపెట్టకూడదు. కొలిచినంతసేపూ దిగువ పీడనం ఏ హద్దుల మధ్య నిలిచింది, ఎగువ పీడనంలో అది ఎంత వంతు అన్న ఒక్క వరుస అందులో ఉండాలి. ఆ వరుస రాయాలంటే ల్యాబులో ఎవరో ఒకరు పంపు వైపు గేజిని మొదటినుంచి చివరిదాకా చూసి తీరాలి. ఆ వరుస లేని పత్రాన్ని వెనక్కి పంపి, ఆ అంకెలు అడిగే అధికారం కొనేవారికీ, వాడేవారికీ ఉంది. అడగటం మొదలుపెడదాం.